నెల టార్గెట్ వేసుకునే ముందు కాస్త లెక్క చూడండి

ఇరవై ఏడో తారీఖు దాటిందంటే మా మరిది దగ్గర్నుంచి మెసేజ్ వస్తుంది. "వదినా, ఈ నెల పరుగు టార్గెట్‌కి ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లు ఉన్నాయి. మూడు రోజుల్లో కొట్టేయొచ్చా?" కొట్టేయొచ్చు. ఆ తర్వాత మోకాలికి ఐస్ ముక్కలు కట్టుకుని వేళచ్చేరిలో సోఫా మీద పది రోజులు పడుకోనూ వచ్చు. చెన్నైలో నాకు తెలిసిన రన్నర్లలో కాలు పట్టేసి ఆగిపోయినవాళ్ల కథ అడిగితే, చాలావరకు నెలాఖరు వారంలోనే తేలుతుంది.

నేను ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను. సేల్స్‌వాళ్ల టార్గెట్ పుస్తకాల్లో ఎలా కనిపిస్తుందో బాగా తెలుసు: మూడు వారాలు నీరసంగా నడిచి, ఆఖరి మూడు రోజుల్లో బిల్లులన్నీ గుట్టగా పడతాయి. మరిది పరుగుల యాప్ తెరిచి చూస్తే అచ్చం అదే బొమ్మ. బిల్లులైతే వచ్చే నెల మొదట్లో రద్దు చేసుకుంటారు. పరుగుకి ఆ సౌకర్యం లేదు.

అందుకని నెల లక్ష్యం ఎలా వేసుకోవాలో, దాన్ని వారాల్లోకి ఎలా పంచుకోవాలో, ఎక్కడ ఆపాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. అరగంట ఆగకుండా మెల్లగా పరుగెత్తగలిగేవాళ్ల కోసం ఇది. అంతదాకా రానివాళ్లు ముందు నడక, మధ్యలో రెండేసి నిమిషాల పరుగు కలుపుకుంటూ రెండు నెలలు గడపండి. అప్పటిదాకా కిలోమీటర్ల జోలికే పోవద్దు.

అంకె ఎక్కడి నుంచి తేవాలి

నెలకి వంద కిలోమీటర్లు అన్నది యాప్‌వాళ్లు పెట్టిన అంకె. మీ అంకె మీ గత మూడు నెలల్లో ఉంటుంది. బాగా సాగిన నెల ఒక్కటే చూసి మురిసిపోకుండా మూడూ కలిపి సగటు తీయండి. మరిది లెక్కే తీసుకుందాం. ఏప్రిల్‌లో 52, మేలో 38, జూన్‌లో 45. సగటు 45. జూలైకి తను 100 అన్నాడు. నేను 45 నుంచి 52 అన్నాను. ముఖం మాడ్చుకున్నాడు.

గమనించారా, రెండు అంకెలు చెప్పాను. కింది అంకె, ఎలాగోలా చేరాల్సింది. పై అంకె, ఎంత ఊపు మీదున్నా దాటకూడనిది. ఇరవై ఆరో తారీఖుకే పై అంకె వచ్చేసిందా, మిగిలిన రోజులు నడక. లక్ష్యానికి పైన కప్పు వేసుకోవడం చాలామందికి వింతగా ఉంటుంది, పిసినారితనంలా కూడా అనిపిస్తుంది. కానీ ఒళ్లు బాగున్న నెలలోనే మనిషి అతి చేస్తాడు. బాగాలేని నెలలో ఎవరూ చెప్పకుండానే ఆగుతాడు.

తర్వాత గోడ మీది క్యాలెండర్ తీయండి. ఊరికెళ్లే రోజులు, పెళ్లిళ్లు, నైట్ షిఫ్టులు, పిల్లల పరీక్షలు, అన్నీ కొట్టేయండి. మార్చిలో నేను ఇల్లు చేరేసరికి రాత్రి పదవుతుంది. ఆ నెల నా లక్ష్యం ఫిబ్రవరి దానిలో సగానికి కాస్త పైన, అంతే. సంక్రాంతికి నెల్లూరు వెళ్తే నాలుగు రోజులు పరుగుండదు, అరిసెలుంటాయి. అది ముందే లెక్కలో పడితే నెలాఖరున టెన్షన్ ఉండదు. నిద్ర సరిగా లేని వారంలో దూరం పెంచే ఆలోచనే వద్దు. కండరాలు, ఎముకలు బాగుపడేది పరుగెత్తేటప్పుడు కాదు, పడుకున్నప్పుడు.

ఇంకో చిన్న మెలిక. జనవరికి 31 రోజులు, ఫిబ్రవరికి 28. రెండింటికీ 60 అనే పెట్టుకుంటే, ఫిబ్రవరిలో రోజు సగటున పదో వంతు ఎక్కువ పరుగెత్తినట్టే. మీరు పెంచాననుకోకుండానే పెరిగిపోయింది. అందుకే ఒకటో తారీఖు నుంచి లెక్కపెట్టడం కంటే గడిచిన 28 రోజుల మొత్తం చూడటం నాకిష్టం. ఎప్పుడు చూసినా నాలుగు వారాలు, నాలుగు ఆదివారాలు. యాప్ చూపించకపోతే ఫ్రిజ్ మీద కాగితం అంటించుకోండి, చాలు.

వారాల్లోకి పంచడం, లాంగ్ రన్ (వారంలో అతి పొడవైన పరుగు) కొలవడం

మరిది జూలైని ఇలా పంచాం. మొదటి వారం 11, రెండో వారం 12, మూడో వారం 13, నాలుగో వారం 9. మొత్తం 45. పైన మిగిలే మూడు రోజులకి ఏమీ రాయలేదు. వానకో జలుబుకో పోయిన ఒక పరుగు అక్కడ సర్దుకుంటుంది; ఏమీ పోకపోతే ఒకటి అదనంగా వస్తుంది. నాలుగో వారం తగ్గించడం కావాలనే. నెలాఖరు వారమే నెలలోకెల్లా తేలికైన వారం అయితే, ఆ మూడు రోజుల కక్కుర్తికి చోటే ఉండదు. వారానికి మూడు పరుగులు, వాటి మధ్య కనీసం ఒక రోజు విడుపు. నాలుగో పరుగు కలపాలంటే ముందు అందరికంటే చిన్నది కలపాలి, రెండు మూడు కిలోమీటర్లు.

వారానికి పది శాతానికి మించి పెంచకూడదని అందరూ చెబుతారు. సరళంగా ఉంది కాబట్టి బతికిపోయింది ఆ సూత్రం. 2008లో నెదర్లాండ్స్‌లో ఐదు వందల మందికి పైగా కొత్త రన్నర్లను రెండు జట్లు చేసి చూశారు. పది శాతం పద్ధతిలో నిదానంగా పెంచిన జట్టుకీ, మామూలు ప్లాన్ జట్టుకీ దెబ్బలు దాదాపు సమానంగానే తగిలాయి. నాకు ఇంతకంటే పనికొచ్చిన లెక్క 2025లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చింది. ఐదు వేల మందికి పైగా రన్నర్ల వాచీ లెక్కలు చూశారు. గడిచిన 30 రోజుల్లో తాము వెళ్లిన అతి పొడవైన పరుగు కంటే ఏదో ఒక్క రోజు పది శాతానికి మించి ఎక్కువ వెళ్లినవాళ్లకి దెబ్బలు ఎక్కువ తగిలాయి. ఆ ఒక్క పరుగులో రెట్టింపు వెళ్లినవాళ్లకి ఇంకా ఎక్కువ. వారం మొత్తాన్ని ముందు వారాలతో పోల్చే లెక్క అంత పనిచేయలేదు.

అంటే చూడాల్సింది ఆ ఒక్క పెద్ద పరుగుని. మరిది జూన్‌లో వెళ్లిన పెద్దది ఐదున్నర. కాబట్టి జూలై మొదటి ఆదివారం 6, తర్వాత 6.5, ఆ తర్వాత 7, నాలుగో ఆదివారం 5. ఫ్రెండ్స్ పిలిచారని ఆదివారం పొద్దున పదికి తేలిపోతే నెల ప్లానంతా గంగపాలు. ముప్పై రోజులన్న మాట కూడా మరవద్దు. రెండు నెలల క్రితం పది కిలోమీటర్లు వెళ్లారన్నది ఇప్పుడు లెక్కలోకి రాదు.

ఇంత నిదానం ఎందుకని అడుగుతారు. ఊపిరి, గుండె, కండరాలు కొన్ని వారాల్లోనే కొత్త పనికి అలవాటు పడతాయి. కండరాన్ని ఎముకకి కట్టే టెండన్లకి రక్తం అందేది తక్కువ, అవి ఆలస్యంగా గట్టిపడతాయి. ఎముక మరీ నిదానం. భారం పెరిగితే అది ముందు పాత భాగాన్ని తొలుచుకుని, ఆ తర్వాత కొత్తది పోసుకుంటుంది. తొలుచుకోవడం వారాల పని, పోసుకోవడం నెలల పని. అంటే రెండో నెలలో మీకు ఆయాసం తగ్గి "ఇంకో మూడు కిలోమీటర్లు ఇట్టే వెళ్లిపోతాను" అనిపించే సమయానికి, కింద ఎముక ఇంకా మరమ్మతులో ఉంటుంది. ఊపిరి చెప్పే మాట నమ్మి కాళ్లకి పని పెట్టకండి.

వేగం గురించి ఒక్క మాటే. దూరం పెంచే నెలలో వేగం పెంచొద్దు. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. ఒంటరిగా వెళ్తే నేను పదమూడో ఎక్కం పైకి చెప్పుకుంటాను. పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది దగ్గర ఊపిరి తెగితే వేగం తగ్గిస్తాను. ఎదురొచ్చేవాళ్లు ఏమనుకుంటే ఏం.

ఎక్కడ పరుగెత్తాలి

నా మామూలు దారి రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములుగారి స్మారక భవనం ముందు నుంచి లజ్ మీదుగా నాగేశ్వరరావు పార్కుకి. అమృతాంజనం పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే ఆ పార్కుకి. కాళ్ల నొప్పులతో ఆయన పేరున్న పార్కులో తిరుగుతుంటే నాకు నవ్వొస్తుంది. నీడ ఉంటుంది, బస్సులుండవు. చిక్కేమిటంటే చుట్టు చిన్నది. ఒకే వైపు తిరుగుతూ పోతే మలుపు దగ్గర ఎప్పుడూ ఒకే కాలి మీద బరువు పడుతుంది. సగం చుట్లు ఇటు, సగం అటు తిరగండి. పొద్దున వాకింగ్ చేసే పెద్దవాళ్లు ఎదురొస్తారు, కాస్త కోపంగా చూస్తారు. "సారీ మామా" అంటే సరిపోతుంది.

వీధుల్లో అయితే రోడ్డు వాలు చూసుకోవాలి. వాన నీళ్లు పోవడానికి రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా వేస్తారు. అంచున పరుగెత్తితే ఒక కాలు ఎప్పుడూ ఇంకోదాని కంటే కిందకి దిగుతుంది. వెళ్లిన అంచునే తిరిగొస్తే రెండు కాళ్లకీ సమానమవుతుంది. మీకు ఎప్పుడూ ఎడమ తుంటో ఎడమ మోకాలో మాత్రమే నొస్తుంటే షూస్ మార్చే ముందు ఇది మార్చి చూడండి. తెల్లవారకముందు ట్రాఫిక్ లేనప్పుడే సుమా.

లాంగ్ రన్‌కి మెరీనా. లైట్‌హౌస్ దగ్గర మొదలుపెట్టి గాంధీ విగ్రహం, శ్రామికుల విగ్రహం దాటి నేపియర్ బ్రిడ్జి వైపు. తారు మీదో పేవ్‌మెంట్ మీదో వెళ్లండి. ఇసుక మెత్తగా ఉంటుంది కదా, మోకాళ్లకి మంచిదని కొత్తవాళ్లు ఇసుకలోకి దిగుతారు. మెత్తటి ఇసుకలో మడమ లోపలికి దిగి, పిక్క, మడమ వెనక టెండన్ సాగిపోతాయి. నీళ్ల అంచున గట్టి ఇసుకుంటుంది కానీ అది సముద్రం వైపు వాలుగా ఉంటుంది. బెసెంట్ నగర్‌లోనూ అంతే. ఇసుకలో నడవండి, చెప్పులు చేత్తో పట్టుకుని. పరుగు కావాలంటే ఐదు నిమిషాలతో మొదలుపెట్టి అదొక కొత్త పనిగా చూడండి.

చెన్నై నెలలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట నెల్లూరుకి ఎంత నిజమో ఇక్కడా అంతే, పైగా ఉక్క. గాలిలో తేమ నిండి ఉంటే చెమట పడుతుంది గాని ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నేను కిలోమీటర్లు పక్కన పెట్టి నిమిషాల్లో రాసుకుంటాను. నలభై నిమిషాలంటే నలభై నిమిషాలు, ఎంత దూరం వస్తే అంత. ఎండలు మొదలైనప్పుడు ఒంటికి అలవాటు కావడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రెండు వారాలు తగ్గించే పరుగెత్తండి. ఐదున్నరకల్లా ఇల్లు దాటాలి. గంట దాటే పరుగైతే ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో దగ్గరుంచుకోండి. దాహం లేకుండా లీటర్లకొద్దీ మంచినీళ్లు దిగమింగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. తల తిరిగినా, వణుకొచ్చినా, మాట తడబడినా ఆగి నీడకి పోవాలి, ఎవరినైనా పిలవాలి.

అక్టోబర్ మూడో వారం నుంచి డిసెంబర్ దాకా వానలు. 2023 డిసెంబర్ మొదట్లో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో చాలా వీధులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటప్పుడు మోకాటి లోతు నీళ్లలో మ్యాన్‌హోల్ ఎక్కడుందో తెలియకుండా పరుగెత్తడం శుద్ధ తెలివితక్కువ. నవంబర్ లక్ష్యంలో ఒక వారం తుపానుకని వదిలేయండి. తడిసిన షూస్‌లో పాత పేపరు ఉండలు చుట్టి కుక్కితే మర్నాటికి చాలావరకు ఆరతాయి. ఎండలో పెట్టొద్దు, జిగురు ఊడుతుంది. ధనుర్మాసం, జనవరి, ఫిబ్రవరి మన పండగ. ముగ్గులు తొక్కకుండా మైలాపూర్ వీధుల్లో పరుగెత్తడమే పెద్ద వ్యాయామం.

నొప్పి వస్తే

కొత్తగా దూరం పెంచేవాళ్లకి నొప్పి రానే రాదని చెప్పలేను. ఏ నొప్పితో పరుగెత్తవచ్చో, ఏ నొప్పికి ఆగాలో తెలియాలి. పదికి ఎంత అని మిమ్మల్ని మీరే అడగండి. మూడు లోపల ఉండి, మర్నాడు పొద్దునకి మామూలైతే కొనసాగించవచ్చు, దూరం మాత్రం పెంచొద్దు. మర్నాడు మెట్లు దిగుతుంటే నిన్నటికంటే ఎక్కువైందంటే రెండు మూడు రోజులు నడక. పరుగులో కుంటుతున్నారా, అక్కడే ఆపి ఆటో ఎక్కండి. ఆ రోజుకి లెక్క ముగిసింది.

మోకాలి కింద ముందువైపు ఎముక లోపలి అంచు కొత్తవాళ్లని ఎక్కువగా బాధపెడుతుంది. కూర్చుని బొటనవేలితో పైనుంచి చీలమండ దాకా ఆ అంచు వెంట నొక్కుకుంటూ రండి. జానెడు మేర అంతా సలుపుగా ఉంటే షిన్ స్ప్లింట్స్ కావచ్చు. దూరం సగానికి తగ్గిస్తే చాలావరకు దారికొస్తుంది. అలా కాకుండా రూపాయి బిళ్లంత చోట మాత్రమే, వేలు పెడితే ప్రాణం పోయినట్టుంటే, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొస్తుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నటి చీలిక) అనుమానించాలి. పరుగు ఆ రోజే ఆపేసి ఎముకల డాక్టర్ దగ్గరకి వెళ్లండి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎంఆర్ఐ అడిగితే విసుక్కోకండి. పాదం మీదా, తుంటి లోపలా వచ్చే ఇలాంటి నొప్పికీ ఇదే వర్తిస్తుంది. తుంటిదైతే అసలు ఆలస్యం చేయకూడదు.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద గుచ్చినట్టుంటే అది అరికాలి పట్టీ వాపు. ఇంట్లో నాపరాళ్ల మీద వట్టి కాళ్లతో తిరగడం కొన్నాళ్లు మానేయండి, చెప్పులు వేసుకోండి. పూజ గదిలోకి తప్ప.

పరుగుకి ముందు నొప్పి మాత్ర వేసుకోకండి. మాత్ర నొప్పిని మూస్తుంది, ఎముకని అతికించదు. బామ్ రాసుకోవడం మీ ఇష్టం, నాగేశ్వరరావుగారి మీద గౌరవంతో నేనూ రాస్తాను, కానీ అది చర్మానికి వేడి తెలిపేదే.

దెబ్బలు రాకుండా చేసే కసరత్తుల్లో ఒక్కటే ఎంచుకోమంటే మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు పైకెత్తి మెల్లగా దించడం చెబుతాను. పదిహేను చొప్పున మూడు సార్లు, వారానికి రెండు మూడు రోజులు. సగం మోకాలు నిటారుగా పెట్టి, సగం కాస్త వంచి. తేలికైపోయాక ఒంటికాలి మీద. మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర లిఫ్ట్ కోసం చూస్తూ చేస్తాను. షూస్ ఐదు వందల నుంచి ఎనిమిది వందల కిలోమీటర్ల మధ్య మార్చాలి. కొన్న తేదీ లోపలి నాలుక మీద పెన్నుతో రాయండి.

ఆడవాళ్లకి విడిగా ఒక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మెల్లగా పరుగెత్తినా ఆయాసం తగ్గట్లేదంటే టార్గెట్ మీద కోప్పడే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) చూపించుకోండి. పరుగు పెంచాక నెలసరి ఆగిపోతే మంచిదే అనుకోకండి. తిండి చాలట్లేదన్న గుర్తు అది, ఎముకలు పలుచనవుతాయి. నలభై ఐదు దాటినవాళ్లం ఈస్ట్రోజన్ తగ్గే వయసులో ఉన్నాం, మనకి ఎముక పోసుకోవడం ఇంకా నిదానం. పైన చెప్పిన పెంపులో సగం చాలు.

వంద ఎప్పుడొస్తుంది మరి

మరిదికి కాగితం మీద వేసి చూపించాను. జూలై పై అంకె 52, ఆగస్టు 60, సెప్టెంబర్ మళ్లీ 60, అక్టోబర్ 68, నవంబర్ వానల్లో 68 నిలిస్తే గొప్పే, డిసెంబర్ 78, జనవరి 90. ఫిబ్రవరికి 28 రోజులే కాబట్టి అక్కడా 90 దగ్గరే ఉంటే పెరిగినట్టే లెక్క. వంద మార్చికి. ఐటీవాడు కదా, మార్చి తీరికే. ప్రతి పెంపు తర్వాత అదే అంకె మీద ఒక నెల నిలబడితే ఇంకా మంచిది, మే వచ్చేస్తుందని తను ఒప్పుకోలేదు.

మధ్యలో విరామం వస్తే పోయిన కిలోమీటర్లని వచ్చే నెలకి మోయొద్దు. వారం ఆగితే, ఆగిన చోట కంటే కాస్త తక్కువతో మొదలుపెట్టండి. రెండు మూడు వారాలైతే సగం నుంచి. నెల దాటితే లాంగ్ రన్ కొలత సున్నా అయినట్టే. మూడు కిలోమీటర్లు నడక కలిపి మొదలుపెట్టి, అప్పటి 30 రోజుల్లో వెళ్లిన పెద్ద పరుగుతో మళ్లీ లెక్క వేసుకోండి. జ్వరం వచ్చి తగ్గితే, మాత్ర లేకుండా జ్వరం రాని రోజులు కొన్ని గడిచాకే నడక, నడక బాగున్నాకే పరుగు. డెంగ్యూ అయితే ప్లేట్‌లెట్లు మామూలయ్యాయని డాక్టర్ చెప్పాలి. ఛాతీలో బరువుగా ఉన్నా, గుండె దడదడలాడుతున్నా ముందు ఈసీజీ తీయించుకోండి, షూస్ సంగతి తర్వాత.